పక్క సీటు ఖాళీగా ఉంచకు మావయ్యా!

మా మావయ్యకి సొంత విమానం ఉంది. ఈ మాట అనగానే ఆఫీసులో అందరూ నన్ను జమీందారు గారి మేనల్లుణ్ణి చూసినట్టు చూస్తారు. అంత సీన్ లేదు లెండి. ఆయన టెక్సాస్‌లో గుండె డాక్టరు. ఎనిమిదేళ్ళ క్రితం ఓ పాత కింగ్ ఎయిర్ సీ90 కొన్నాడు, రెండు టర్బోప్రాప్ ఇంజన్లది. దూరంగా ఉన్న రెండు చిన్న ఊళ్ళ క్లినిక్కులకి వారంవారం తనే నడుపుకుంటూ వెళ్ళొస్తాడు. సెలవులొస్తే అత్తయ్యనీ, పిల్లల్నీ కూడా ఎక్కిస్తాడు.

మనం టికెట్టు కొని ఎక్కే విమానంలో ముందు ఇద్దరు కూర్చుంటారు. సొంత విమానానికి ఆ లెక్క లేదు. ఒక్కరు నడపొచ్చని అనుమతి ఉన్న రకమైతే, సొంత పనికి వాడుకుంటే, అమెరికాలో ఒక్క పైలట్ చాలు. కింగ్ ఎయిర్ అలాంటిదే. అంటే రెండో పైలట్‌ని పెట్టుకోవాలా వద్దా అన్నది చట్టం కాదు, యజమాని తేల్చుకోవాలి. నా గొడవంతా అక్కడే.

మొదట జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ కథ చెప్పా. 1999 జులై 16 రాత్రి, తన పైపర్ సరటోగా విమానంలో భార్యనీ, ఆవిడ అక్కనీ ఎక్కించుకుని న్యూజెర్సీ నించి మార్తాస్ విన్‌యార్డ్ వైపు బయల్దేరాడు. పొగమంచులాంటి మసక, కింద సముద్రం, చీకటి. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలీక విమానం మీద పట్టు తప్పింది. ముగ్గురూ పోయారు. దర్యాప్తు నివేదికలో ఒక్క వాక్యం నన్ను వదలదు. ఆయనకి నేర్పే ఒక ఇన్‌స్ట్రక్టర్ "నేనూ వస్తా" అన్నాడట. ఈయన వద్దన్నాడు, ఒక్కణ్ణే వెళ్తానన్నాడు.

మావయ్య నవ్వేశాడు. "ఒరేయ్, అతనికి మొత్తం మూడొందల గంటల అనుభవం. నాకు రెండు వేలు. అతనికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు, నాకుంది."

సరే, 2023 జూన్ 4 సంగతి తీశా. టెన్నెసీలో బయల్దేరిన సైటేషన్ జెట్, అందులో ఒక్కడే పైలట్. కాసేపటికే రేడియోలో పలకడం మానేశాడు. విమానం లాంగ్ ఐలండ్ దాకా దానంతటది వెళ్ళి, వెనక్కి తిరిగి, వాషింగ్టన్ మీదుగా వచ్చింది. ఎఫ్-16లు వెంటపడ్డాయి. చివరికి వర్జీనియా కొండల్లో కూలిపోయింది. నలుగురున్నారు, ఎవరూ మిగల్లేదు.

"మరి పేన్ స్టీవర్ట్ సంగతేంటి?" అన్నాడు మావయ్య. 1999 అక్టోబరులో ఆ గోల్ఫ్ ఆటగాడు వెళ్ళిన లియర్‌జెట్‌లో పైలట్లు ఇద్దరున్నారు. లోపల గాలి ఒత్తిడి పోయి ఇద్దరూ స్పృహ తప్పారు. నిజమే. ఇద్దరూ పీల్చేది ఒకే గాలి. ఆక్సిజన్ మాస్కు చేసే పని రెండో పైలట్ చెయ్యలేడు.

"కానీ గుండెపోటు ఇద్దరికీ ఒకేసారి రాదు కదా మావయ్యా, నీకు తెలీందా?" అన్నా. ఆయన టాపిక్ మార్చేశాడు.

లెక్కలతో పని జరగదని అర్థమైంది. అందుకే ఎవరికీ చెప్పని నా సిగ్గుమాలిన కథ చెప్పేశా. రెండేళ్ళ క్రితం అర్ధరాత్రి ఒక క్లయింటు డేటాబేస్‌లో ఒక్కణ్ణే పని చేస్తున్నా. టెస్ట్ సర్వర్ అనుకుని ప్రొడక్షన్ విండోలో డిలీట్ కొట్టా. 'వేర్' కండిషన్ కూడా పెట్టలేదు. బ్యాకప్ నించి తెచ్చుకునేసరికి తెల్లారింది. నాకు పని రాకా? అదే క్వెరీ అంతకు ముందు వందసార్లు రాసుంటా. పక్కన ఇంకొకడు ఉంటే, వాడు నాకంటే జూనియర్ అయినా సరే, "అన్నా, ఏ విండో అది?" అనుండేవాడు. అంతే కావాల్సింది.

"నువ్వు స్టెంట్ వేసేటప్పుడు గదిలో ఎంతమంది ఉంటారు?" అనడిగా.

"నర్సు, టెక్నీషియన్లు... మొదలెట్టే ముందు అందరం ఆగి పేషెంటు పేరు, చేసే పని పైకి చెప్పుకుంటాం."

"నీకు పని రాకా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి బయటపడింది. "ఇప్పుడు పైలట్‌ని పెట్టుకుంటే ఎయిర్‌పోర్టులో అందరూ నేను ముసలాణ్ణయిపోయాననుకుంటార్రా." అదీ విషయం. ఖర్చు కాదు, అవసరం లేదనీ కాదు. ఏభై ఎనిమిదేళ్ళ మనిషికి ఆ సీటు ఒక్కటే, తన మాటే చెల్లే చోటు. వయసు పెరిగే కొద్దీ రెండో పైలట్ ఉండాలని ఇన్సూరెన్సు వాళ్ళే పట్టుబట్టడం మామూలే, వాళ్ళ చేత అనిపించుకోవడం కంటే ఇప్పుడే నీ అంతట నువ్వు పెట్టుకోవడం గౌరవం కదా అన్నా.

ఫోను స్పీకర్లో ఉందని నాకు తెలీదు. వెనకనించి అత్తయ్య గొంతు వినబడింది. "ఎనిమిదేళ్ళుగా ఆ పక్క సీట్లో కూర్చుంటున్నా. మీకేమన్నా అయితే ఏ మీట నొక్కాలో నాకు తెలీదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరెప్పుడడిగారు?"

రాత్రి పూట, వాతావరణం బాగోనప్పుడు, ఇంట్లోవాళ్ళు ఎక్కినప్పుడు రెండో పైలట్ ఉండాలని ఆ రోజే ఒప్పందం కుదిరింది. రోజుకింతని తీసుకునే ఒక రిటైరైన ఎయిర్‌లైన్ పైలట్ దొరికాడు.

నేనొక షరతు పెట్టా. జీతం ఇచ్చేవాడికి "వద్దు" అని చెప్పే హక్కు జీతం తీసుకునేవాడికి ఉండాలి. లేకపోతే ఆ సీట్లో బొమ్మని కూర్చోబెట్టినట్టే. 1978 డిసెంబరులో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం చక్రాల సమస్య చూసుకుంటూ గాల్లో తిరిగి తిరిగి, ఇంధనం అయిపోయి కూలింది. కాక్‌పిట్‌లో ముగ్గురున్నారు. ఇంధనం తగ్గుతోందన్న మాట వచ్చింది కూడా, కానీ కెప్టెన్ చెవికెక్కేంత గట్టిగా రాలేదు. పదిమంది పోయారు. కిందివాడు గట్టిగా చెప్పడం, పైవాడు వినడం పైలట్లకి ప్రత్యేకంగా నేర్పడం ఆ తర్వాతే ఊపందుకుంది. మనవాళ్ళకి, అందులోనూ డాక్టరు గారికి ఎదురు చెప్పడమంటే మాటలా?

పోయిన నెల మావయ్య చిరాగ్గా ఫోన్ చేశాడు. సాయంత్రం దారిలో ఉరుముల మేఘాలున్నాయని పెద్దాయన కదలనన్నాడట. చిన్న ఊళ్ళో మోటెల్లో పడుకోవాల్సొచ్చింది. "నా డబ్బు తీసుకుని నన్నే ఆపాడ్రా!"

"మరి ఆగావా?"

"ఆగకేం చేస్తా?"

ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయా. అత్తయ్య కూడా పడుకునే ఉంటుంది.

అన్నట్టు, మా టీములో ఇప్పుడు రాత్రి రిలీజుకి ఇద్దరం కూర్చుంటున్నాం. రెండోవాడి గంటలకి బిల్లు ఎవరు కడతారని మేనేజరు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. మీ దగ్గర ఎలా ఒప్పించారో కాస్త చెబుదురూ!