బీద రాక్షసులు

వార్షిక సంచికకు వ్యాసమొకటి వ్రాసి ఇవ్వవలసినదని సంపాదక వర్గం వారు కోరినప్పుడు, ప్రబంధ వర్ణనల గురించో శతక నీతుల గురించో నాలుగు మాటలు మా వద్ద నుండి ఆశించి ఉంటారు. ఆ విషయాలు తరగతిలో ఎలాగూ తప్పవు. ఈసారి మేము రాక్షసుల గురించి వ్రాయదలచాము. పురాణాలలోని రాక్షసులు కారు. చాలీచాలని పెట్టుబడితో, అట్టముక్కలతో, రబ్బరు తొడుగులతో తయారైన సినిమా రాక్షసులు. కమిటీ పెద్దలు మన్నింతురు గాక.

కారణం లేకపోలేదు. గత సంవత్సరం ఒక శనివారం మధ్యాహ్నం జానపద కథా లక్షణాలు చెబుతూ, బి. విఠలాచార్య గారి 'జగన్మోహిని' (1978)లో కొంత భాగాన్ని సెమినారు గదిలో విద్యార్థులకు చూపించాము. కళ్ళ పరీక్ష కోసం ఊరి నుండి వచ్చిన మా అబ్బాజాన్ కూడా ఆ రోజు మా వెంట ఉన్నారు. వెనుక బెంచీ మీద కూర్చోబెట్టాము. దయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేసే ఘట్టం రాగానే గది అంతా ఘొల్లుమన్నది. మేమూ నవ్వాము. వెనుదిరిగి చూతుము గదా, అబ్బాజాన్ నవ్వడం లేదు. కళ్ళు చికిలించి తెర వైపే చూస్తున్నారు.

అబ్బాజాన్ 1979 నుండి 2007 వరకు మా ఊరి సినిమా హాలులో ఆపరేటరు. చిన్న ఊరు, పెద్ద పట్టణాలలో ఆడి, అరిగి, గీతలు పడిన తరువాతనే ప్రింటు మా ఊరు చేరేది. అందువల్ల 1978 నాటి 'జగన్మోహిని' మా ఊరికి మరుసటి యేడు వచ్చింది. అబ్బాజాన్ తొలిసారిగా స్వయంగా ఆడించిన చిత్రం అదే. అప్పుడు కార్బన్ కడ్డీల వెలుగు. రెండు కడ్డీల మధ్య ఎడం కాస్త పెరిగినా తెర పసుపుబారేది. హాలులో ఈలలు మొదలయ్యేవి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలలో అయిపోతుంది. తెర మూలన చిన్న చుక్క మెరిసినప్పుడు రెండవ యంత్రాన్ని అందుకోవాలి. ఫిల్ము తెగితే పైపూత గీకి, జిగురు రాసి, అతికించి నడపాలి. మా బాల్యంలో అబ్బాజాన్ వేళ్ళకు ఎప్పుడూ ఆ జిగురు వాసన ఉండేది. ఆ వాసన మాకు ఇష్టం. ఇష్టమని ఎవరికీ చెప్పలేదు.

విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివేటప్పుడు హాస్టలు మిత్రులు ఒక రాత్రి ఇటువంటి చిత్రాలనే వరుసగా పెట్టుకొని ఎగతాళి చేశారు. ఒకరు, మీ నాన్నగారు ఏమి చేస్తారని అడిగారు. వ్యాపారమని చెప్పాము. ఆ అబద్ధం చెప్పవలసిన అవసరం ఏమున్నది? ఆ క్షణాన దయ్యం, అబ్బాజాన్, మేము ఒకే చవకబారు తెర మీద ఉన్నట్టు తోచింది. మేమొక్కరమే దిగి వచ్చేశాము.

సరే, చిత్రాల మాట. విఠలాచార్య గారు 1920లో ఉడుపిలో జన్మించారు. హోటలు నడిపారు, టూరింగు టాకీసు నడిపారు. కన్నడంలో చిత్రాలు తీసి, తెలుగులో జానపద బ్రహ్మ అనిపించుకొన్నారు. మన అరేబియా కథను 'ఆలీబాబా 40 దొంగలు' (1970)గా తెలుగు వారికి చూపించినదీ వారే. పొదుపులో ఆయనకు ఆయనే సాటి. షూటింగుకు రాని నటుణ్ణి కథలో ముని శాపంతో ఏ చిలుకగానో పొట్టేలుగానో మార్చివేసి పని కానిచ్చేవారని సినిమా వారు చెప్పుకొంటారు. ఇందులో నిజమెంతైనా, బడ్జెటు లోటును శాపంతో పూడ్చడమన్నది మన కథకులు గర్వించదగిన ఉపాయమే.

ఈ బీదరికం ఒక్క తెలుగుకే పరిమితమూ కాదు. అమెరికాలో 1953లో వచ్చిన 'రోబోట్ మాన్‌స్టర్' చిత్రానికి యంత్ర మానవుని తొడుగు కొనే డబ్బు లేక, గొరిల్లా తొడుగు వేసిన మనిషి తలకు ఈతగాళ్ళ శిరస్త్రాణం వంటిది పెట్టి అదే గ్రహాంతర రాక్షసుడన్నారు. 1955లో 'ఇట్ కేమ్ ఫ్రమ్ బినీత్ ది సీ' చిత్రానికి రే హ్యారీహౌసెన్ చేసిన అష్టపాదికి ఎనిమిది చేతులు లేవు. ఖర్చూ సమయమూ కలసిరాక ఆరింటితో సరిపెట్టారు. నీటిలో ఉన్నది గనుక ఎవరు లెక్కపెడతారు? జపానులో 1954 నాటి 'గాడ్జిల్లా'కు బొమ్మను ఒక్కొక్క భంగిమగా కదిపి చిత్రించే పద్ధతికి వ్యవధి చాలక, హరువో నకజిమా అనే నటునికి బరువైన తొడుగు వేసి బొమ్మల టోక్యో మీదుగా నడిపించారు. ఆ యేడే మార్చిలో బికినీ దీవి వద్ద అమెరికా వారి హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద జపాను చేపల పడవ మీద పడింది. నవంబరులో ఆ రాక్షసుడు తెర మీద సముద్రం నుండి లేచాడు. రబ్బరు తొడుగేనని చూచినవారికి తెలియదా? తెలిసే ఏడ్చి ఉంటారు.

మన హిందీలో రామ్సే సోదరులున్నారు. దేశ విభజన తరువాత కరాచీ నుండి బొంబాయి వచ్చి రేడియోల దుకాణం పెట్టుకొన్న కుటుంబం. ఏడుగురు అన్నదమ్ములు దర్శకత్వం, కెమెరా, శబ్దం, కూర్పు పంచుకొన్నారు. 1972లో వారి దయ్యపు చిత్రానికి 'దో గజ్ జమీన్ కే నీచే' అని పేరు పెట్టారు. ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఆ పేరు వినగానే బహదూర్ షా జఫర్ పేరిట ప్రసిద్ధమైన గజల్, రంగూనులో ఆయన సమాధి గుర్తుకు రాక మానవు. చక్రవర్తి దుఃఖం నేల టిక్కెట్టు దయ్యానికి పేరైనది! ఉర్దూ లెక్చరరు గారు దీన్ని అపచారమంటారు. మేము కాదంటాము. ఈ వివాదం స్టాఫు రూములో ఇంకా తేలలేదు.

లోపాలు లేవా? ఉన్నవి, చేతగానితనం వల్ల వచ్చినవి వేరు, మనసులో నుండి వచ్చినవి వేరు. తీగ కనబడడం, గబ్బిలం రబ్బరుదని తెలియడం మొదటి రకం; వాటిని మేము ప్రేమిస్తాము. కాని మాంత్రికుని సేవకులంటే నల్లనివారు, పొట్టివారు కావలసిందేనా? స్త్రీ అయితే అర్ధనగ్నంగా ఆడే దయ్యమో, కన్నీళ్ళతో పూజించే ఇల్లాలో తప్ప మూడవ రూపం లేదా? మా తరగతిలో ఒక విద్యార్థిని లేచి ఈ మాటే అడిగింది. ఆమెకు సమాధానం చెప్పలేకపోయాము. డబ్బు లేకపోవడం దీనికి సాకు కాదు.

అయినా ఆ పొయ్యి ఘట్టం దగ్గరికి మళ్ళీ రావలసి వస్తున్నది. అందులోని భయం కెమెరాది కాదు. కట్టెలు తూచి కొనుక్కొనే ఇళ్ళలో, వంట చెరకు లేదని అత్తకు చెప్పలేని కోడళ్ళకు అది ఎంత దగ్గరి మాటో ఆలోచించండి. మా అమ్మీ ఆ చిత్రం చూచిన వారం రోజులు పొయ్యి వద్ద ఒంటరిగా కూర్చోలేదట. నేటి చిత్రాలలో కోట్లు పోసి కంప్యూటరులో చేసిన రాక్షసుడు నగరాలను కూల్చినా ఏ ఇంటి వంటగదిలోకీ రాలేకపోతున్నాడు.

ఆ శనివారం తరగతి ముగిసిన తరువాత ఒక విద్యార్థి అబ్బాజాన్ వద్దకు వెళ్ళి, "దాదా, అప్పుడు జనం నిజంగా భయపడేవారా?" అని అడిగాడు.

"నాకు జనం మొహాలు ఎక్కడ కనబడతాయి బేటా? క్యాబిన్ కిటికీ నుండి తలకాయలే కనబడేవి. ఈ సీనుకు ముందు వరుస తలకాయలన్నీ ఒక్కసారిగా కిందికి వంగేవి" అన్నారు.

వారు నవ్వకపోవడానికి కారణం మా నవ్వు నొప్పించడమేనని మేము అనుకొంటిమి. బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు మెల్లగా క్షమాపణ వంటిది ఏదో అనబోయాము. అబ్బాజాన్ వినిపించుకోలేదు. "ఆ పొయ్యి దగ్గర బొమ్మ ఎగిరింది, చూశావా? మంట ఒక్కసారిగా పక్కకు జరిగింది. రెండు మూడు ఫ్రేములు పోయాయి. ఎవడో ఆపరేటరు కోసి అతికించిన ప్రింటు నుండి తీసిన కాపీ అది" అన్నారు. కొంతసేపటికి, "అతుకు బాగానే వేశాడు" అన్నారు.

హాస్టలు నాటి అబద్ధం సంగతి వారికి ఇంతవరకు తెలియదు. ఈ సంచిక అచ్చయిన వెంటనే తెచ్చి చూపమని ఇప్పటికి రెండుసార్లు ఫోను చేశారు. వారు ఉర్దూ మాత్రమే చదవగలరు. ఈ వ్యాసం తెలుగు భాగంలో ఉన్నది. చదివి వినిపించవలసినది మేమే.