గులాబీ రోష్నీ

మా ఆపా కొడుకు పొద్దున లేవగానే వాంతి చేసుకునేవాడు. స్కూలు వేళకి తలనొప్పి, పదింటికల్లా హుషారు. నజర్ తగిలిందని అమ్మీ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. నేనేమో స్కూలు ఎగ్గొట్టే బహానా అన్నాను. ఆ మాట యాదికొస్తే ఇప్పటికీ షర్మ్‌గానే ఉంటుంది. రెండు నెలల తర్వాత ఎమ్మారై తీస్తే మెదడులో కుడివైపు గడ్డ.

ఆపరేషన్‌కి ముందురోజు సర్జన్ ఆపానీ, దుల్హాభాయినీ, నన్నూ కూర్చోబెట్టి ఒక దవా సంగతి చెప్పాడు. ఫైవ్ ఆలా అంటారు. మత్తు ఇవ్వడానికి సుమారు మూడు గంటల ముందు నీళ్లలో కలిపి తాగించాలి. కిలో బరువుకి 20 మిల్లీగ్రాములు. మావాడు 22 కిలోలు, అంటే 440. మన ఖూన్‌కి ఎర్రదనమిచ్చే పదార్థాన్ని శరీరం దీంతోనే మొదలుపెట్టి తయారుచేసుకుంటుందట. గడ్డ కణాల్లో మాత్రం ఆ పని పూర్తికాక, పార్ఫిరిన్ అనేది పేరుకుపోతుంది. మైక్రోస్కోపు నుంచి నీలం రోష్నీ వేస్తే అది గులాబీ రంగులో మెరుస్తుంది. మామూలు వెలుతురులో గడ్డ అంచు ఎక్కడ ఆగిందో, మంచి మెదడు ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు.

నేను ముందే చదువుకుని వెళ్లాను. జర్మనీలో వాల్టర్ స్టుమ్మర్ బృందం 2006లో అచ్చువేసిన లెక్క: స్కాన్‌లో కనబడే గడ్డ మొత్తం తీయగలిగింది మామూలు వెలుతురులో 100కి 36 మందికి, ఈ దవాతో 65 మందికి. గొప్పగా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వాళ్లంతా పెద్దవాళ్లమ్మా. పిల్లల గడ్డలు వేరే. కొన్ని బాగా మెరుస్తాయి, కొన్ని ఒక పిల్లాడిలో మెరిసి ఇంకో పిల్లాడిలో మెరవవు. మెరవలేదు కాబట్టి గడ్డ లేదని నేననుకోను. మెరిసిన ప్రతిచోటా కోయను కూడా."

ఆ చివరి మాట మాకెవరికీ చెవికెక్కలేదు. మర్నాడు ఏడు గంటల తర్వాత ఆయన బయటికొచ్చి, గడ్డ బాగా మెరిసిందనీ, చాలావరకు తీసేశాననీ, ఎడమ చేతిని కదిలించే చోటికి ఆనుకుని కొంచెం వదిలేశాననీ చెప్పినప్పుడు ఎక్కింది.

"కనిపించింది కదా సార్, ఎందుకు వదిలేశారు?" ఆపా గొంతులో గుస్సా. అప్పటిదాకా సబర్‌గా ఉన్న మనిషి.

"తీస్తే చెయ్యి పోతుందమ్మా. మిగిలినదానికి రేడియేషన్ ఇద్దాం."

ఆపా ఆయనకి షుక్రియా చెప్పలేదు. నేను తప్పుపట్టను. కళ్లకి కనిపించిన దుష్మన్‌ని బిడ్డ తలలోనే ఉంచి ఇంటికెళ్లమంటే ఏ తల్లికి ఒప్పుతుంది? అయినా ఆ సర్జన్ మీద నాకు భరోసా కుదిరింది కూడా అప్పుడే.

ఆ దవా తాగాక ఒకటి రెండు రోజులు ఒంటిమీద గట్టి వెలుతురు పడకూడదు, చర్మం కమిలిపోతుంది. అమ్మీ తన చాదర్ తెచ్చి కిటికీకి కట్టింది. మావాడికి మెలకువ వచ్చింది.

"ఖాలా, లైటెందుకు తీసేశారు?"

"నువ్వు తాగిన దవా వల్ల, బేటా. అది మెరిసే దవా."

కాసేపు ఆలోచించాడు. తర్వాత ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తి, ఆ చీకట్లో వేళ్లు విప్పి, మూసి, మెరుస్తున్నాయేమోనని చూసుకున్నాడు.