పేరు నెల్లూరుది, మంద బ్రెజిల్‌ది

బ్రెజిల్‌లో పశువులు పెంచే రైతుని "మీ దగ్గరున్నది ఏ జాతి?" అని అడిగితే ఎక్కువ మంది చెప్పే మాట 'నెలోర్'. అవును, మన నెల్లూరే! ఆ దేశంలో పశువులు సుమారు 23 కోట్లు. మాంసం కోసం పెంచేవాటిలో అత్యధికం ఈ జాతివో, దీనితో సంకరం చేసినవో. మరి ఆ పేరు పుట్టిన చోట ఆ పశువు ఎలా ఉంది? అది చూద్దామనే మార్చి నెలాఖరులో నెల్లూరులో దిగి, పెన్న వంతెన దాటి కోవూరు వెళ్లాను.

కోవూరు అంటే వరి. కాలువలు, వాటి పక్కన పొలాలు, కోతల కాలం కాబట్టి గాలి నిండా ధాన్యం దుమ్ము. పొలాల్లో కోత మిషన్లు, రోడ్డు మీద ధాన్యం ట్రాక్టర్లు. కాలువ గట్ల మీద బర్రెలు బోలెడు. తెల్లగా, మూపురం ఎత్తుకుని నిలబడే ఎద్దు మాత్రం ఎంత తిరిగినా కనిపించలేదు. టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగాను.

"తాతా, ఇక్కడ ఎద్దుల జత ఎవరి దగ్గరైనా ఉందా?"

"ఎద్దులా? ఇంకా యాడుండాయి అబ్బయా! దున్నేదానికి ట్రాక్టరు, కోసేదానికి మిషను. మిషను కోస్తే గడ్డి నలిగిపోద్ది. పనిలేని ఎద్దుకి ఏడాది పొడుగునా మేత ఎవురు పెడతారు? బర్రె అయితే పూట పూటకీ పాలిస్తది."

ఆయన నాలుగు ముక్కల్లో చెప్పింది ఒక జాతి కథ మొత్తం.

ఇంతకీ బ్రెజిల్‌లో ఉన్నది మనం ఒంగోలు గిత్త అని పిలుచుకునే జాతే. మరి నెల్లూరు పేరెందుకు? ఈ పశువులు సముద్రం దాటే రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలోకి వెళ్లింది. 1970లో ఒంగోలు కేంద్రంగా వేరే జిల్లా వచ్చింది. ఇక్కడ హద్దులు మారాయి, అక్కడ మాత్రం పాత జిల్లా పేరే నిలిచిపోయింది.

1868లో ఒక జత ఓడలో బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవుకి చేరింది. 1878లో లెమ్‌గ్రూబర్ అనే పెంపకందారు జర్మనీలోని హాంబర్గ్ జూ నుంచి ఇంకో జత కొన్నాడు. తర్వాత 1960ల్లో మళ్లీ కొన్ని పశువులు వెళ్లాయి. వాటిలో పేరు మోసినది 'కర్వాడి'. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే అది. ఇప్పటి నెలోర్ మందల్లో దాని సంతతి లెక్కలేనంత.

బ్రెజిల్ వాళ్లకి ఈ జాతి ఎందుకు నచ్చింది? మన ఎండలో తట్టుకున్న పశువు వాళ్ల ఎండలోనూ తట్టుకుంది. తెల్లటి వెంట్రుకలు, కింద నల్లటి చర్మం. పిడుదుల బెడద తక్కువ. నాసి గడ్డి తిని కూడా ఒళ్లు చేస్తుంది. యూరప్ జాతులు నీరసపడిపోయే చోట ఇది పెరిగింది. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా అమ్మితే, ఆ లెక్కన దాని పూర్తి విలువ మన డబ్బులో 35 కోట్ల రూపాయలు దాటింది. అది గిన్నిస్ రికార్డు. ఆ ఆవు బరువు 1,101 కిలోలు!

ఇక ప్రపంచం లెక్క చూద్దాం. ఏటా దాదాపు 6 కోట్ల టన్నుల బీఫ్ ఉత్పత్తి అవుతోంది. చాలా ఏళ్లు అమెరికా మొదటి స్థానం, బ్రెజిల్ రెండో స్థానం. ఇప్పుడు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎగుమతుల్లో మాత్రం బ్రెజిల్‌దే పైచేయి. తర్వాత చైనా, యూరోపియన్ యూనియన్ దేశాలు. ఆ వెనకే మన దేశం కనిపిస్తుంది. ఆశ్చర్యపోకండి. అంతర్జాతీయ లెక్కల్లో గేదె మాంసాన్ని కూడా బీఫ్‌లోనే కలుపుతారు. మన దగ్గర్నుంచి ఎగుమతయ్యేది గేదె మాంసమే. ఆవు మాంసం ఎగుమతికి అనుమతి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో గోవధ నిషేధ చట్టం 1977 నుంచీ ఉంది.

అంటే ఒకే జాతి రెండు దేశాల్లో రెండు దారులు పట్టింది. అక్కడ దాని పని మాంసం. ఆ పని పెరిగింది, మంద పెరిగింది. ఆ మేత కోసం అడవులు కొట్టేస్తున్నారన్న గొడవా పెరిగింది. ఇక్కడ దాని పని దుక్కి, బండి. ఆ పని పోయింది, జత పోయింది. మనకి గౌరవం ఉంది, ఫొటోలకి లైకులున్నాయి. కానీ గడ్డి డబ్బులు లైకుల్లోంచి రావు కదా!

ఇప్పుడు గిత్తలకి మిగిలిన పెద్ద పని బండలాగుడు పోటీలు. వాటికోసం పెంచేవాళ్లు బిడ్డల్లా చూసుకుంటారు, ఖర్చుకీ వెనకాడరు. కానీ పోటీకి కావాల్సింది గట్టి గిత్తలే. ఆవుల్ని ఎవరు మేపుతారు? ఆవు లేకపోతే రేపటి గిత్త ఎక్కడిది? గుంటూరు దగ్గర లాం ఫారంలోనూ, ప్రకాశం జిల్లా చదలవాడలోనూ ప్రభుత్వం ఈ జాతిని కాపాడుతోంది. అది మంచిదే. కానీ ఫారం ఎంత పెద్దదైనా పల్లెకి సాటి రాదు. పాలకో, ఎరువుకో, ప్రకృతి సేద్యానికో ఆ ఆవు రైతుకి నాలుగు రూపాయలు తెచ్చిపెట్టే దారి దొరికితేనే అది మళ్లీ కొట్టాల్లోకి వస్తుంది.

మీ ఊళ్లో ఇంకా ఒంగోలు జత ఉంటే సెల్ఫీ దిగండి, తప్పు లేదు. పనిలో పనిగా ఆ రైతుని మేతకి నెలకెంతవుతోందో కూడా అడగండి. ఈ జాతి ఎన్నాళ్లుంటుందో ఆ అంకెలోనే తెలిసిపోతుంది.