తిరిగి వచ్చినవారు, మిగిలిపోయినవారు

హిందీ చలనచిత్ర చరిత్రలో పునర్జన్మ కథలకు ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. తుఫాను రాత్రి, పాడుబడిన హవేలీ, గోడమీద ఒక చిత్తరువు, ఎక్కడో దూరాన ఒక స్త్రీ కంఠం: ఈ నాలుగూ ఒకచోట కూడితే చాలు, ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. మా ఇంట మాట్లాడేది ఉర్దూ. నేను బడిలో చదివినది తెలుగు. పునర్జన్మ అన్నది మా విశ్వాసంలో లేదు. మరణించినవారు ఖయామత్ నాడు లెక్క చెప్పుకోవలసినదే తప్ప, మరల ఈ మట్టిమీదికి రావడం ఉండదని చిన్ననాటనే నేర్పినారు. అయినను మా దాదీమా 'మధుమతి' చిత్రం టెలివిజనులో వచ్చినప్పుడెల్లా ఓఢ్నీ కొంగుతో కన్నులు ఒత్తుకుంటూనే ఉంటుంది. నమ్మనివారికి ఈ కన్నీరెందుకని ఒక సహాధ్యాయి నన్ను ప్రశ్నించినాడు. ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు.

ఈ పరంపరకు మూలపురుషుని వంటిది 1949లో బొంబాయి టాకీస్ వారు నిర్మించిన 'మహల్'. ఉర్దూ రచయిత కమాల్ అమ్రోహీ దర్శకత్వం వహించిన తొలి చిత్రమిది. హరిశంకర్ అనే యువకుడు నది ఒడ్డున ఉన్న సంగమ్ భవన్‌లో అడుగుపెట్టి, గోడమీద తన ముఖమే ఉన్న చిత్తరువును చూస్తాడు. గతంలో ఆ భవనాన్ని కట్టించినవాడు నీట మునిగిపోయినాడనీ, అతని ప్రియురాలు కామిని అతనికోసమే ఎదురుచూచిందనీ తోటమాలి చెబుతాడు. పిదప అర్ధరాత్రి ఒక గానం వినిపిస్తుంది. దూరంనుండి దగ్గరకు వస్తున్నట్లు ఆ స్వరం వినబడటానికి, తాను గది మూలనుండి పాడుతూ మైకు వద్దకు నడచి వచ్చానని లతా మంగేష్కర్ చెప్పేవారు. తొలుత విడుదలైన రికార్డుపై గాయని పేరు లేదు; పాత్ర పేరు 'కామిని' అనియే ఉన్నది. పాడినదెవరో తెలియక శ్రోతలు రేడియో కేంద్రానికి ఉత్తరాలు వ్రాసినారట. జర్మనీ దేశస్థుడు యోసెఫ్ వర్షింగ్ ఛాయాగ్రహణంలో మధుబాల వెలుగునీడల మధ్య కనిపించి మాయమవుతుంటే, ఆమె మనిషియో ఆత్మయో తేల్చుకొనలేము.

తుదకు తేలినది ఏమి? పునర్జన్మ లేదు, ఆత్మ లేదు. ఆమె తోటమాలి కూతురు ఆశ. ఆ పాత ప్రేమకథను విని విని, కామిని వేషం ధరించి రాత్రులందు తిరిగింది. అనేకులు దీనిని ఒక చమత్కారంగా చెప్పి ఊరకుంటారు. నాకు మాత్రం ఇక్కడనే మనసు కలుక్కుమంటుంది. తోటమాలి కూతురుగా ఆ పిల్ల పగటివేళ ఎదుట నిలిచి ఉంటే హరిశంకర్ ఆమెవైపు చూచి ఉండునా? ప్రేమను పొందటానికి ఆ పేదపిల్ల చచ్చిపోయిన దొరసాని పేరును అరువు తెచ్చుకొనవలసి వచ్చింది.

'మహల్' చిత్రానికి ఎడిటర్ బిమల్ రాయ్. తొమ్మిదేండ్ల పిదప, 1958లో, ఆయనే నిర్మించి దర్శకత్వం వహించిన చిత్రం 'మధుమతి'. కథ ఋత్విక్ ఘటక్‌ది. సంభాషణలు ప్రసిద్ధ ఉర్దూ కథకుడు రాజిందర్ సింగ్ బేడీవి. సంగీతం సలిల్ చౌదరిది. తొమ్మిది ఫిల్మ్‌ఫేర్ బహుమతులు పొంది, 37 ఏండ్లపాటు ఆ ఘనతను నిలుపుకొన్నది. ఆ రెండు చిత్రాలను వెంటవెంటనే చూచినవారికి ఒక విశేషం స్ఫురించక మానదు: మొదటిదానిని బిమల్ రాయ్ ఇక్కడ తలక్రిందులు చేసినారు.

శ్యామ్‌నగర్ టింబర్ ఎస్టేటులో మేనేజరు ఆనంద్. కొండజాతి పిల్ల మధుమతి. జమీందారు ఉగ్రనారాయణ్ ఆమెను చెరబట్టబోగా, తప్పించుకొనే ప్రయత్నంలో మేడమీదినుండి పడి మరణిస్తుంది. సాక్షి లేడు, శవమూ లేదు; చట్టం చేయగలిగినది శూన్యం. అప్పుడు ఆనంద్ మధుమతిని పోలిన మాధవి అనే యువతికి ఆత్మవేషం వేయించి, జమీందారు నోట నేరం ఒప్పించ పూనుకొంటాడు. ఆమె వస్తుంది, ప్రశ్నిస్తుంది. ఉగ్రనారాయణ్ వణికిపోయి అంతా ఒప్పుకొంటాడు. పోలీసులు అతనిని తీసికొనిపోయిన తరువాత ఆనంద్‌కు ఒక సంశయం: నాకే తెలియని సంగతులు ఈమెకు ఎట్లు తెలిసినవి? అంతలో మాధవి పరుగున వచ్చి, దారిలో కారు చెడిపోయి ఆలస్యమైనదని చెబుతుంది. మరి ఇందాక వచ్చినదెవరు? 'మహల్'లో ఆత్మ అనుకొన్నది మనిషి. ఇక్కడ మనిషి అనుకొన్నది ఆత్మ. హిందీ చిత్రాలలో ఇంతకు మించిన ఉత్కంఠను నేనెరుగను.

మిత్రుని ప్రశ్నను ఒకనాడు దాదీమా ముందు పెట్టినాను. "రూహ్ నిజమా అబద్ధమా అని ఎవరడిగినార్రా! ఆ పిల్లకు ఏమైందో ఒకరైనా చెప్పాలె గదా," అన్నది. నాకు అంతకంటె మంచి సమాధానం దొరకలేదు. న్యాయస్థానంలో నిలువలేని ఫిర్యాదును కథలో వినిపించటానికి పునర్జన్మ ఒక ద్వారం. 1980లో సుభాష్ ఘాయ్ తీసిన 'కర్జ్' పాటలతో ఎంత హోరెత్తించినా దాని ప్రాణం కూడ అదియే: హత్యకు గురైనవాడు తన లెక్క తానే తేల్చుకొంటాడు. 2007 నాటి 'ఓం శాంతి ఓం' ముగింపులోనూ 'మధుమతి' నీడ స్పష్టంగానే కనిపిస్తుంది.

తెలుగువారు ఈ వరుసకు ఇచ్చిన కానుక 'మూగమనసులు'. 1964లో ఆదుర్తి సుబ్బారావు గోదావరిపై తీసిన ఈ చిత్రాన్ని ఎల్.వి. ప్రసాద్ నిర్మాణంలో ఆదుర్తివారే 1967లో 'మిలన్' పేరిట హిందీలో తీసినారు. అక్కినేని, సావిత్రిల స్థానంలో సునీల్ దత్, నూతన్ వచ్చినారు. గౌరి పాత్రకు మాత్రం జమునగారినే ఉంచినారు. హిందీలో ఆ పాత్రకు ఆమెకు ఫిల్మ్‌ఫేర్ బహుమతి లభించింది.

పడవవాడు గోపిని ప్రేమించి, అతని మనసు రాధ మీద ఉన్నదని ఎరిగీ తొలగిపోని పిల్ల గౌరి. గోపీ రాధా సుడిగుండంలో మునిగి, మరల పుట్టి, పెండ్లాడి, పడవమీద విహారానికి వస్తారు. వారికి పాతకథ చెప్పే ముసలమ్మ ఈ గౌరియే. 'మహల్'లో భర్త భ్రమకు బలియై విషం మింగిన భార్య రంజన గుర్తుకు వస్తుంది. పునర్జన్మ కథలలో వరమంతా ఆ ఇద్దరిదే; మూడవవారికి ఉన్నది ఒకటే జన్మ. వారు యౌవనంతో తిరిగి వచ్చినారు. గౌరి అదే ఒడ్డున, అదే ఒంటితో, తల నెరసేదాకా ఉండిపోయింది.