ఏలూరా? గూడెమా?

మా అమ్మాయి ఇంటర్ పాసై ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వచ్చింది. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా మా ఇంట్లో ఇంకా ఎంసెట్ అనే అంటాం. ర్యాంకు చూసుకుని, లెక్కలు వేసుకుని, చివరికి రెండు కాలేజీలు మిగిల్చాం. ఒకటి ఏలూరులోని సర్ సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ, రెండోది తాడేపల్లిగూడెం పక్కన పెదతాడేపల్లిలో ఉన్న శ్రీ వాసవి ఇంజనీరింగ్ కాలేజీ. ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలి? "తల్లీకూతుళ్ళు వెళ్ళి చూసి రండి" అన్నారు మావారు.

నిజం చెప్పొద్దూ, నా ఓటు ముందే ఏలూరుకి పడిపోయింది. మాది కైకలూరు. పొద్దున్నే బాక్సు కట్టిచ్చి బస్సెక్కిస్తే సాయంత్రానికి పిల్ల ఇంటికొచ్చేస్తుంది. ఆడపిల్ల తల్లికి అంతకంటే ఏం కావాలి?

ముందుగా ఏలూరు బయల్దేరాం. దారంతా కొల్లేరే. రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళు, చేపల చెరువులు, కొంగలు. చలికాలంలో అయితే మా ఆటపాకకి గూడబాతులు గుంపులుగా వస్తాయి, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలా ఉంటుందీ సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళు ఇందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. 1999లో దీన్ని పక్షుల అభయారణ్యం చేశారు. 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. అయినా పెద్ద వరద వస్తే నీళ్ళు తీసేదాకా మాకు దిగులే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఎడ్లగాడి దగ్గర ఈ రోడ్డు మీదికే నీళ్ళెక్కి రాకపోకలు ఆగిపోయాయి. బస్సు అక్కడికి రాగానే మా అమ్మాయి కిటికీలోంచి చూసి, "అమ్మా, అప్పుడు పరీక్షలుంటే ఏం చేసేవాళ్ళు?" అంది. నేను వినిపించుకోనట్టు ఊరుకున్నాను.

ఏలూరు సందడి ఏలూరుదే. ఊరి మధ్యన కాలవలు, తివాచీల పేరు, బట్టల కొట్లు, ఆస్పత్రులు, పుస్తకాల షాపులు అన్నీ ఉన్నాయి. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉన్న మా కైకలూరుకి ఇప్పుడు జిల్లా కేంద్రం కూడా ఇదే. కాలేజీ వట్లూరు వైపు ఉంది. 1989లో పెట్టారు. కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరు మీద 1945లోనే ఇక్కడ డిగ్రీ కాలేజీ వెలిసింది. అలా చదువుకి అలవాటు పడ్డ ఊరు. నాకైతే అక్కడే సంతకం పెట్టేద్దామనిపించింది.

తర్వాతి వారం గూడెం ప్రయాణం. రైల్లో భీమవరం వెళ్ళి, అక్కణ్ణించి బస్సెక్కాం. గూడెం అంటే మన వంటింటికి బాగా తెలిసిన ఊరే, ఉల్లిపాయల హోల్‌సేల్ మార్కెట్ మరి! లారీలు, బస్తాలు, ఆ ఘాటు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానం ఈ ఊళ్ళోనే ఉంది. వాసవి కాలేజీ ఊరికి కాస్త అవతల ప్రశాంతంగా ఉంది. 2015లో నిట్ వచ్చిన కొత్తలో వాళ్ళ క్లాసులు ఈ ఆవరణలోనే నడిచాయి. తర్వాత వాళ్ళు కడకట్లలో సొంత భవనాలకి వెళ్ళారు.

ఆఫీసులో అడిగేవి అడిగాక, బయట టీ కొట్టు దగ్గర ఆడపిల్లలు కనిపిస్తే మాట కలిపాను. హాస్టల్లో నీళ్ళెలా వస్తాయి, కూరలెలా ఉంటాయి, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికి, జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్తారు అని. ఓపిగ్గా అన్నీ చెప్పారు. ఒకమ్మాయి నవ్వుతూ, "ఇక్కడ ఆదివారం తిరగడానికి పెద్దగా ఏమీ ఉండదాంటీ, అందుకే చదువుకుంటాం" అంది.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి నెమ్మదిగా అంది. "అమ్మా, ఏలూరైతే రోజూ నువ్వు నాలుగింటికి లేవాలి. వానాకాలమంతా నేను పుస్తకం బదులు రోడ్డు చూసుకోవాలి. గూడెమైతే నెలకోసారే ప్రయాణం. నన్ను హాస్టల్లో ఉండనీ."

నా గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. నేను ఇంటర్ పాసయినప్పుడు ఏలూరులో డిగ్రీ చదువుతానని అడిగాను. "వానాకాలం ఆ రోడ్డు మీద ఆడపిల్లని రోజూ పంపలేం" అన్నారు నాన్న. హాస్టలు మాటెత్తితే అమ్మ ఏడ్చింది. నా చదువు అక్కడితో సరి. వాళ్ళది ప్రేమే, కాదనను. అదే ప్రేమతో నేనూ నా కూతురికి అదే రోడ్డు చూపిస్తున్నానని ఆ క్షణంలో తెలిసింది. ఏలూరుని నేను ఎంచుకున్నది పిల్ల చదువు కోసం కాదు, నా నిద్ర కోసం!

గూడెం ముందు పెట్టాం. సీటు అక్కడే వచ్చింది.

ఏలూరు కాలేజీ తక్కువని నేననను. ఆ ఊళ్ళోనే ఉండే పిల్లలకి అంతకంటే ఏం కావాలి? మీ ఇంట్లోనూ ఈ తర్జనభర్జన నడుస్తుంటే కిలోమీటర్లు లెక్కపెట్టి ఊరుకోకండి. మామూలు రోజున, మామూలు బస్సులో, పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళి చూడండి. వానొస్తే ఆ దారి ఎలా ఉంటుందో అడగండి. అన్నిటికంటే ముందు పిల్ల చెప్పేది వినండి.

ఇప్పుడు నెలకోసారి గోంగూర పచ్చడి, ఎండు రొయ్యల పొడి సీసాలకెత్తి నేనే రైలెక్కుతున్నాను. వచ్చేటప్పుడు సంచి ఖాళీగా తేవడమెందుకని ఐదు కిలోల ఉల్లిపాయలు కొనుక్కొస్తున్నాను. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కళ్ళు తుడుచుకున్నా ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు కదా!