నిప్పు లేని పొగ

నా నవలల్లో ఆడవాళ్లు పొయ్యి వెలిగించడానికి ఒక్క వాక్యం చాలు. "జానకి పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది." అంతే! పదిహేను పుస్తకాలు రాశాను గానీ, ఎలా రాజేశావని జానకిని నేనెప్పుడూ అడగలేదు, తనూ చెప్పలేదు.

మొన్న సంక్రాంతికి ఆ ముచ్చటా తీరింది. కోనసీమలో మా అత్తవారింట్లో పద్నాలుగు మందిమి చేరాం. సరిగ్గా పండగనాటి పొద్దున్నే గ్యాసు అయిపోయింది. రెండో బండ అరిసెలకీ జంతికలకీ అంతకుముందే ఆహుతైంది. గీజరు వేద్దామంటే కరెంటు కూడా పండక్కి పుట్టింటికి వెళ్లింది. పిల్లలేమో తలకి నూనె పెట్టించుకుని వేణ్ణీళ్ల కోసం కూర్చున్నారు. పెరట్లో నూతి పక్కన పాత కట్టెల పొయ్యి ఉందిగా, "నేను వెలిగిస్తాను చూడండి" అంటూ కొంగు దోపాను. బి.ఏ. ప్యాసైనదానికి పొయ్యో లెక్కా?

పొయ్యినిండా లావుపాటి కట్టెలు కుక్కాను. కింద పాత పేపర్లు పెట్టి అగ్గిపుల్ల గీశాను. పేపర్లు భగ్గుమన్నాయి, బూడిదయ్యాయి. కట్టెలు మాత్రం నా మొహాన ఇంత పొగ కొట్టి ఊరుకున్నాయి. నిప్పు లేనిదే పొగ రాదంటారే, ఆ సామెత పుట్టించినవాడు పొయ్యి ముట్టించి ఎరగడు!

మా అత్తయ్యగారు దూరంగా వసారాలో, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. "అమ్మాయీ, అవన్నీ బయటికి తీసెయ్. పొయ్యిక్కూడా ఊపిరాడాలి కదమ్మా" అన్నారు.

తీశాను. పాఠం మొదలైంది. ముందు కట్టెని కట్టెతో కొట్టి చూడాలిట. ఎండినదైతే టంగుమంటుంది, పచ్చిదైతే మొద్దుగా పలుకుతుంది. పచ్చికట్టెకి పెట్టిన సెగంతా దానిలోని నీళ్లు ఆవిరి చెయ్యడానికే సరి. మనకి మిగిలేది పొగ. అడుగున గుప్పెడు కొబ్బరి పీచు, దానిమీద చిటికెనవేలంత పుల్లలు గుడిసెలా నిలబెట్టాలి. అవి అంటుకున్నాక బొటనవేలంతవి, ఆ తర్వాతే పెద్ద కట్టెలు, అవీ రెండో మూడో. "కట్టెకీ కట్టెకీ మధ్య వేలు పట్టేంత సందుండాలి. మరీ దూరమైతే ఆరిపోతాయి, మరీ ఒత్తుకుంటే పొగ చిమ్ముతాయి" అన్నారు. ఈ మాట కాపురాలకీ పనికొస్తుందని తోచింది గానీ, అత్తగారి ముందు నోరు మెదపలేదు.

గొట్టంతో అడుగుకంటా నిదానంగా ఊదాను. మంట లేచింది. విచిత్రం, మంట లేవగానే పొగ తగ్గింది! బాగా రాజుకున్న పొయ్యి తన పొగని చాలావరకు తానే కాల్చేసుకుంటుందిట.

కాగు కింద ఆ ఎర్రటి మంట చూసేసరికి నాలో రచయిత్రి లేచింది. "ఎంత అందంగా ఉందో అత్తయ్యగారూ! కట్టెల పొయ్యి వంట రుచే వేరు. అనవసరంగా వదిలేశాం" అన్నాను.

ఆవిడకి దగ్గు తెర వచ్చింది. పక్కనున్న ఇన్‌హేలరు పీల్చి, ఆయాసం తగ్గాక, "నీ నవలలన్నీ చదివానమ్మా. అందులో పొయ్యిలు బాగా మండుతాయి. పొగే ఎక్కడా కనబడదు" అన్నారు.

గొట్టం నా చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆవిడ 1966లో కాపురానికొచ్చారు. 1999లో దీపం పథకం వచ్చి ఊళ్లో పేదిళ్లకు సిలిండర్లు ఇస్తుంటే, అది చూసి మావయ్యగారు మా ఇంటికీ గ్యాసు పెట్టించారు. అంటే 33 ఏళ్లు, రెండు పూటలా, కిటికీ లేని వంటింట్లో ఆ పొగే పీల్చారు. డాక్టరుగారు "సిగరెట్టు అలవాటుందా?" అని అడిగినప్పుడు మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. "కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండారు?" అన్నారు. పొగాకు ముట్టని ఆడవాళ్ల ఊపిరితిత్తులు ఇలా చెడటానికి వంటింటి పొగ ఒక పెద్ద కారణమని అప్పుడే తెలిసింది. పొయ్యి వెలిగించే మెళకువలన్నీ ఆవిడ దగ్గరున్నాయి, ఊదడానికి ఊపిరే లేదు. అదంతా ఆ పొయ్యిలోనే ఊదేశారు.

పిల్లల తలంట్లు అయ్యాయి. నీళ్లు భేషుగ్గా కాగాయని అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి, రాస్తున్న నవల తీసి ఆ పాత వాక్యం కొట్టేశాను. ఇప్పుడు జానకి పొయ్యి వెలిగించడానికి పేజీన్నర పడుతోంది. మధ్యలో రెండుసార్లు దగ్గుతుంది కూడా. ఎడిటరుగారు ఆ దగ్గు కత్తిరించకపోతే చాలు.