మా మల్లి భోజనము

కుక్కను పెంచువారిని “దానికేమి పెట్టుచున్నారు?” అని యడిగినచో తఱచుగా వచ్చు ప్రత్యుత్తరము “మేము తినునదే” యని. ఆ మాటలో కొంత గర్వము గూడ నుండును. దానిని పరాయిగా చూచుట లేదని భావము. మేమును ఏడాదిన్నరపాటు అట్లే చెప్పుచుంటిమి. ఆ మాట మానుకొనుటకు మా మల్లికి ప్రాణముమీదికి రావలసివచ్చినది.

మల్లి జాతికుక్క కాదు. 2020 వర్షాకాలమున రాజమహేంద్రవరములో మా వీధి కాలువప్రక్క నేడ్చుచున్న పిల్లను మావారు తువాలులో చుట్టి తెచ్చిరి. గోధుమవన్నె యొడలు, నొసట తెల్లని చుక్క. మా అత్తగారు మొదట దానిని గుమ్మము దాటనీయలేదు. “కుక్కే గదా, అమ్మాయీ! అరుగుమీద నాలుగు మెతుకులు పడేస్తే అదే బ్రతుకుతుంది” అనిరి. పదిదినములు గడచునప్పటికి ఆ మెతుకులు కలుపు పని ఆమెయే పుచ్చుకొనిరి, మఱియొకరిని చేయనీయలేదు. మాది గ్రుడ్డైనను లోనికి రాని యిల్లు. కావున ఉదయము పెరుగన్నము, సాయంకాలము చారో పులుసో కలిపిన యన్నము, పైన నేతిచుక్క. మల్లి పళ్లెము నాకి మెఱిపించెడిది. తినుచున్నది గదా యని మేము తృప్తిపడియుంటిమి.

2022 సంక్రాంతికి బంధువులు వచ్చిరి. కనుమనాడు చిన్న యుల్లిపాయలతో పులుసు పెద్దగిన్నెడు కాచితిమి. సగము మిగిలినది. పారవేయ మనసొప్పక అత్తగారు దానిని రెండుదినములు మల్లికే కలిపి పెట్టిరి. తరువాత నాలుగవనాడు మల్లి పిలిచినను లేవలేదు. పెదవి యెత్తి చూడగా చిగుళ్లు సున్నము కొట్టినట్లు తెల్లబారియున్నవి. మూత్రము కాఫీ డికాషను వన్నెగా నుండెను.

పశువుల ఆసుపత్రిలోని వైద్యురాలు రక్తము పరీక్షించిరి. కుక్క రక్తములో ఎఱ్ఱకణముల పాలు నూటికి 37 మొదలు 55 వఱకు నుండవలెనట. మల్లికి 17 ఉండెను. “ఏమి పెట్టారు?” అని ఆమె యడిగిరి. అత్తగారే దాచక చెప్పిరి. అప్పుడు మాకు తెలిసినదేమనగా, ఉల్లిలోను వెల్లుల్లిలోను గల గంధక సంబంధమైన పదార్థములు కుక్క యెఱ్ఱకణములను పాడుచేసి చితికిపోవునట్లు చేయును. ఉడికించినను వేయించినను ఆ గుణము పోదు. కుక్క బరువు కిలో ఒక్కింటికి 15 మొదలు 30 గ్రాముల యుల్లి హాని చేయుటకు చాలును. మల్లి బరువు 16 కిలోలు. అనగా పావుకిలో యుల్లి చాలును. మేము పెట్టినది అంతకు తక్కువ కాదు. కీడు వెంటనే కానరాక కొన్నిదినములకు బయటపడుటచే దానికిని దీనికిని ముడి పెట్టుకొనుట యెవరికిని తోచదు.

పులుసులో మఱియొక దోషము గూడ కలదని తరువాత చదివితిమి. ద్రాక్షలును కిస్‌మిస్‌లును కుక్క మూత్రపిండములను చెఱచునని చిరకాలముగా తెలిసినను కారణము తెలియకుండెను. దానికి వానిలోని టార్టారిక్ ఆమ్లము కారణమై యుండవచ్చునని 2021లో అమెరికా వైద్యులు సూచించిరి. మన చింతపండులో నుండు పులుపు ముఖ్యముగా ఆ యామ్లమే. చింతపండు తిని మూత్రపిండములు చెడిన కుక్కల వృత్తాంతములును ప్రకటింపబడినవి. చారు, పులుసు, పులిహోర లేని తెలుగిల్లు ఉన్నదా? పాయసములో కిస్‌మిస్ లేని పండుగ ఉన్నదా? ప్రేమతో మనము ముందుగా తీసిపెట్టునవి అవియే గదా!

మల్లి నాలుగుదినములు ఆసుపత్రిలో నుండెను. మఱియొక కుక్క రక్తము నెక్కింపవలసివచ్చునేమో యని చెప్పిరి గాని అంతవఱకు రాలేదు. మొదటి రాత్రి అత్తగారు భోజనము చేయలేదు. మేమును ఏమనుటకు తోచక యూరకుంటిమి. పులుసు కాచినది మేము, ఉల్లిపాయలు తెచ్చినది మావారు, కలిపి పెట్టినది ఆమె. చేతితో పెట్టినవారికే దుఃఖ మెక్కువ.

ఇంటికి వచ్చిన పిమ్మట నిక ముందేమి పెట్టవలెనను ప్రశ్న బయలుదేఱినది. భయపడినవారిచే డబ్బు ఖర్చు పెట్టించుట తేలిక. కుక్కల సరకు లమ్ము నొక దుకాణములో, అన్నము కుక్కకు విషమనియు, ధాన్యము లేని విదేశపు డాగ్‌ఫుడ్డే శరణ్యమనియు చెప్పి కిలో 800 రూపాయల సంచి చేతికిచ్చిరి. తడికూర పొట్లములు గూడ చూపిరి. 80 గ్రాములది 40 రూపాయలు. మేము కాగితము, కలము తీసికొని కూర్చుంటిమి. ఎదిగి, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స జరిగిన 16 కిలోల కుక్కకు దినమునకు రమారమి 900 కేలరీలు కావలెను. (నాలుగు కిలోల చిన్నకుక్కకు బరువు నాలుగవవంతైనను తిండి మూడవవంతుకు పైగా కావలెను, చిన్నవానికి ఆకలి పెద్దది.) తడి పొట్లములో ముప్పాతికకు పైగా నీరే. ఒక్కొక్కదానిలో 65 కేలరీల కంటె నెక్కువ లేనందున వానితోనే కడుపు నింపవలెనన్నచో దినమునకు పదునాలుగు పొట్లములు, అనగా 560 రూపాయలు! విదేశపు సంచి యైనచో దినమునకు 180. మా యింటి పాలఖర్చు అంతలో సగము లేదు.

చౌకదారియు నొకటి చూచితిమి. బజారులో తెఱచిన బస్తానుండి విడిగా తూచి యిచ్చు గుళికలు కిలో 180కే దొరకినవి. వారముదినములలో మల్లికి విరేచనములు పట్టుకొన్నవి. వైద్యురాలు ఆ గుళికలను వాసన చూచి ప్రక్కకు పెట్టిరి. గాలి తగిలిన గుళికలలోని క్రొవ్వు చెడి మక్కువాసన కొట్టును; ఎప్పుడు తయారైనదో, ఎంతకాలము నిలుచునో తెలిపెడు చీటి యుండదు. మూసిన సంచి కొని, ఇంట తెఱచిన పిమ్మట ఆ సంచితోనే గట్టిమూత గల డబ్బాలో పెట్టుట మేలని చెప్పిరి.

అన్నము విషమన్న మాటకు ఆమె నవ్విరి. తోడేలుకంటె కుక్కకు పిండిపదార్థమును జీర్ణము చేయు శక్తి యెక్కువయని 2013లో స్వీడనులోని శాస్త్రజ్ఞులు దాని జన్యువులలోనే చూపిరట. మనుష్యుల పంచలలో వేలయేండ్లు మెతుకులు తిని బ్రతికిన జంతువు గదా! ధాన్యము లేక బఠానీలు, పప్పులు హెచ్చుగా వేసిన కొన్ని ఆహారములకును కుక్కల గుండెజబ్బునకును సంబంధ ముండునేమో యని 2018లో అమెరికా ప్రభుత్వశాఖ హెచ్చరించినది. అది నేటికిని తేలలేదు. కావున ధాన్యము లేదన్నంత మాత్రమున సంచికి హెచ్చుధర నీయ నక్కఱలేదు. సంచి వెనుక చూడవలసినది, అది పూర్తి సమతులాహారమని వ్రాసియున్నదా, యెదిగిన కుక్కకా పిల్లకా యనునది. నీరు తీసివేసి లెక్కించినచో ఎదిగినదానికి మాంసకృత్తులు నూటికి 18కి, పిల్లకు 22½కి తగ్గరాదు.

అన్నములో దోషము లేదు. అన్నమే యుండుట దోషము. పెరుగన్నముతో మాంసకృత్తులు చాలవు, అయోడిను, జింకు వంటివి చాలవు. అత్తగారు “పప్పు వేస్తే సరిపోదా, అమ్మా?” అని యడిగిరి. “పిల్లికైతే సాగదు, మామ్మగారూ. కుక్కకు సాగుతుంది గాని చాలా లెక్కగా కూర్చాలి. డి విటమిను మనకు ఎండలో తయారైనట్లు దానికి చాలినంత తయారుకాదు. గ్రుడ్డు పెడితే మీకు తేలిక, దానికి మేలు” అని వైద్యురాలు చెప్పిరి. త్రోవపొడుగున అత్తగారు మాటాడలేదు. ఇల్లు చేరి కాళ్లు కడుగుకొని, “పెరట్లో పొయ్యి పెట్టుకో, అమ్మాయీ. గిన్నె వేరు, గరిటె వేరు” అనిరి. ఈ మాట డెబ్బదియేండ్లలో ఆమె నోట వచ్చునని మేము కలలోనైన ననుకొనలేదు.

ఇప్పుడు జరుగుచున్నది చెప్పెదము. ఉదయము కిలో 300 రూపాయల మధ్యరకపు గుళికలు 125 గ్రాములు, తూచి. సాయంకాలము 60 గ్రాముల బియ్యము, 25 గ్రాముల పెసరపప్పు మెత్తగా నుడికించి, ఉడికిన గ్రుడ్లు రెండు చిదిమి, గుమ్మడిముక్కో క్యారెట్టో వేసి, అరచెంచా నూనె. ఉప్పు లేదు, తాలింపు లేదు. గ్రుడ్డుపెంకులను వేడిచేసి మెత్తగా నూఱి పావుచెంచా కలుపుదుము. మాంసము, గ్రుడ్డు, అన్నములలో తక్కువయైన సున్నము దానివలన సమకూరును. ఇంటివంటలో చాలని తక్కిన ఖనిజములు ఉదయపు గుళికలు కొంత తీర్చును. గుళికలకు ముప్పదియెనిమిదియు, సాయంకాలపు వంటకు రమారమి ఇరువదిరెండును కలిసి దినమునకు అఱువది రూపాయలు, నెలకు 1,800. పూర్తిగా గుళికలే యైనచో 2,250 అగును. అదియు తప్పు కాదు. వండ తీఱిక లేనివారికి అదియే సులువు. పూర్తిగా ఇంటివంటయే పెట్టదలచినవారు మాత్రము వైద్యునికి చూపక పెట్టరాదు. క్రొత్త తిండికి ఒక్కనాడు మార్చక వారముదినములు పాతదానితో కలుపుచు మార్చవలెను. మేము తొందరపడి యొకనాడు చాప ఉతుకుకొంటిమి.

ఎంత పెట్టవలెనను దానిలోనే మాకు పోరాట మెక్కువయైనది. మల్లి చూపు చూచినచో ఱాతికైనను జాలి పుట్టును. అమెరికాలో 48 లాబ్రడారు కుక్కలను చిన్నపిల్లలుగా నున్నప్పటినుండి రెండు పక్షములుగా పెంచి, ఒక పక్షమునకు పాతికవంతు తక్కువ పెట్టిరట. తక్కువ తిన్నవి సగటున 13 సంవత్సరములు, తక్కినవి 11 సంవత్సరముల పైచిల్లర బ్రతికినవని 2002లో ప్రకటించిరి. అప్పటినుండి ప్రతి ఆదివారము మల్లి ప్రక్కటెముకలు తడిమి చూతుము. చేతికి తగులవలెను, కంటికి కనబడరాదు.

ప్రక్కయింటివారు దయతో విసరు ఉడికిన కోడియెముకలను మాత్రము నేటికిని పూర్తిగా ఆపలేకున్నాము. ఉడికిన యెముక చీలికలై ప్రేగును గ్రుచ్చును. పిల్లలకు చాక్లెట్టు సంగతియు, చక్కెర లేని చూయింగుగమ్ములో వేయు జైలిటాల్ సంగతియు చెప్పి యుంచితిమి.

మల్లికి పుచ్చకాలపు జబ్బులేవియు మరల రాలేదు, వెండ్రుక నిగనిగలాడుచున్నది. సాయంకాలపు పళ్లెము నేటికిని అత్తగారే పెట్టుదురు, పెరటి పొయ్యికి రెండు గజముల దూరమున పీట వేసికొని కూర్చుండి. గ్రుడ్డన్న మాట నోట రానీయరు. “అమ్మాయీ, దాని తెల్లకాయలు ఉడికినవా?” అని యడుగుదురు.